గండికోట మడుగులో ఈల

పెన్నమ్మ మీద పుట్టి తిప్పినవాళ్లు ఎందరో ఉన్నారు. వరద మీద పుట్టి తిప్పినవాడు మాత్రం యోబు ఒక్కడే. ఈ మాట మొదట యోబే చెప్పుకున్నాడు. తర్వాత జమ్మలమడుగు తాలూకా అంతా చెప్పింది. గండికోట గండిలో ఏరు రెండు కొండల నడుమ ఇరుక్కొని, నిలువు గోడల్లాంటి బండల మధ్య నుంచి ఉరుకుతుంది. అక్కడ బారెడు వెడల్పున్న వెదురు పుట్టిలో నిలబడి, ఒంటి తెడ్డుతో దాన్ని అద్దరికి చేర్చడం ఆషామాషీ పని కాదు. పుట్టికి ముందూ వెనకా ఉండవు. తెడ్డు ఒక్క పిసరు తప్పితే బొంగరమైపోతుంది. యోబు చేతిలో అది ఏనాడూ బొంగరం కాలేదు.

పెద్దవాన కురిసిన ఏడు ఏటి నడుమ తుమ్మచెట్టెక్కి చిక్కుకున్న గొర్రెల కాపరిని దించుకొచ్చింది యోబే. పొట్టేలును వదిలి రానని కాపరి మొండికేస్తే, పొట్టేలును కూడా పుట్టిలో కూర్చోబెట్టుకొని వచ్చాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక జరిగిన ఎన్నికల్లో ఓట్ల పెట్టెలను మడుగు దాటించింది యోబే. వెంట వచ్చిన జవాను కళ్లు తిరిగి పుట్టిలోనే వాంతి చేసుకున్నాడు గాని, పెట్టెల మీద చుక్క నీరు పడలేదు. వెదురు తానే చీల్చి, ఎద్దుతోలు తానే నానబెట్టి, పుట్టి తానే అల్లుకునేవాడు. వాళ్ల తాత కాలంలో మిషను దొరల చేతి మీదుగా ఆ ఇంటివాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పుణ్యాన యోబుకు నాలుగో తరగతి దాకా చదువు అబ్బింది. ఆదివారం గుడిలో వాక్యం చదివేది కూడా ఆయనే.

ఇంత చేసినా యోబుకు ఒక వెలితి ఉండేది. వాళ్ల వంశంలో సర్కారు కొలువు చేసినవాడు ఒక్కడూ లేడు. ఊరి తలారి వచ్చినా లేచి నిలబడాల్సి వచ్చేది.

ఆ వెలితి తీరే రోజు ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో వచ్చింది. చేపల శాఖ వాళ్లు ప్రొద్దుటూరులో ఆఫీసు పెట్టి, కాకినాడ వైపు నుంచి సత్యలింగం అనే ఇన్‌స్పెక్టరును వేశారు. ఆయన సముద్రం మీద పడవల్లో తిరిగి పని నేర్చినవాడు. గండిలోకి మొదటిసారి దిగినప్పుడు యోబు పుట్టిని కాలితో తట్టి చూశాడు.

"ఏవయ్యా, ఈ తట్టల్లో కూర్చుని చేపలు పడతారా మీరు?"

"తట్ట గాదు సార్, పుట్టి. కూసోని చూడండి, తెలుస్తాది."

సత్యలింగం కూర్చున్నాడు. అద్దరికి పోయి తిరిగి వచ్చేదాకా అంచులు వదల్లేదు. దిగాక, "సముద్రమే నయం" అన్నాడు. యోబుకు అది బిరుదు ఇచ్చినట్టే అయింది.

సర్కారు చట్టం ప్రకారం బండలు పగలగొట్టే మందుతూటా ఏట్లో పేల్చి చేపలు పట్టకూడదు, విషం కలపకూడదు. తూటా పేలితే చిన్న పిల్ల నుంచి గుడ్ల మీదున్న తల్లి దాకా అన్నీ చచ్చి తేలతాయి. వలవాడికి ఆ తర్వాత ఏడంతా ఏమీ దొరకదు. గండి మడుగును కాయడానికి వాచరు కావాలి. యోబు కంటే తగినవాడు ఎవడున్నాడు? ఖాకీ చొక్కా ఇచ్చారు, ఎర్రపట్టీకి కట్టిన ఇత్తడి బిళ్ళ ఇచ్చారు, తాడు కట్టిన ఈల ఇచ్చారు. అయితే పోస్టు తాత్కాలికం.

సత్యలింగం తన సముద్రపు పద్ధతులన్నీ గండిలోకి తెచ్చాడు. పుట్టికొక నంబరు వేయించాడు. పుట్టి తిరుగుతుంటే ఆ నంబరు ఒకసారి కనపడేది, ఒకసారి కనపడేది కాదు. తారు పూసినప్పుడల్లా చెరిగిపోయేది. ఆయన పట్టు వదల్లేదు. ఈల సంగతి కూడా ఆయనే చెప్పాడు.

"మా వైపు సముద్రం మీద సర్కారు పడవ దగ్గరికొచ్చి ఈల ఊదిందంటే, నావలో ఎవడి చేతిలో ఏముంటే అది అలాగే పట్టుకుని ఆగిపోవాలి. వల నీళ్లలోకి జారవిడిచాడో, సాక్ష్యం పోయినట్టే. ఇక్కడా అదే రూలు. ఊరూరా చెప్పు."

యోబు ఊరూరా దండోరా వేయించాడు. తప్పెట కొట్టింది వేరే మనిషయినా, మాట మాత్రం తానే చెప్పాడు. బిళ్ళ ఎండకు మెరిసేటట్టు రొమ్ము విరుచుకొని నిలబడి, "వాచరు ఈల ఇనపడితే చేతిలో ఉండేది చేతిలోనే పెట్టుకోని ఆడికాడ నిలబడాల. పారేస్తే ఇంకో కేసు" అని చదివినట్టు చెప్పాడు.

గుంపులో నుంచి నబీ రసూల్ అడిగాడు. "నేను నీళ్లు పోసుకుంటాంటే ఊదితివనుకో. చెంబు నెత్తిన పెట్టుకోనే నిలబడాల్నా మామా?"

"నీ పెండ్లాము ఊదినా నిలబడతావు కదప్పా నువ్వు" అన్నాడు యోబు. జనం నవ్వారు.

నబీ రసూల్‌కూ యోబుకూ చిన్ననాటి నుంచి స్నేహం. ఇద్దరిలో ఎవరు మేనమామ, ఎవరు అల్లుడు అని ఎవరూ అడగలేదు, ఒకరినొకరు మామా అనే పిలుచుకునేవాళ్లు. నబీ రసూల్ పులివెందుల దాపున ముగ్గురాయి గనిలో మందు మేస్త్రీ. బండకు తూట్లు వేసి, అందులో తూటా పెట్టి, వత్తి అంటించి పేల్చేది అతనే. వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. గనిలో కూడా ఈల ఉండేది. వత్తి అంటించాక ఈల వినపడిందంటే పేల్చేచోటికి మనిషెవరో వచ్చారని అర్థం. వెంటనే వత్తి తుంచేయాలి. ఒకసారి రాళ్లు మోసే ఆడకూలి మరిచిపోయిన సద్దిగిన్నె కోసం వెనక్కి వచ్చింది. పైనుంచి ఈల మోగింది. మిగిలినవాళ్లంతా పరుగు తీస్తుంటే నబీ రసూల్ ఎదురు పోయి, కాలుతున్న వత్తిని పళ్లతో కొరికి తుంచేశాడు. పైపెదవి మీద ఆ కాలిన మచ్చ అతనికి పతకంలా ఉండిపోయింది.

"భయం కాలేదా మామా?" అని యోబు అడిగితే, "ఆలోచన చేస్తే కదా భయమయ్యేది. ఈల ఇన్నానంటే నా చెయ్యి నా మాట ఇనదు. వత్తి మిందికే పోతాది" అన్నాడు.

యోబు ఆ మాట విన్నాడు. ఈ కథనే పదిమందికి తానే చెప్పాడు కూడా, తన స్నేహితుడు ఎంతటి మొనగాడో తెలియాలని.

కొలువులో చేరిన యోబుకు మొదటి కేసు దొరికింది గాని నిలబడలేదు. మడుగులో తూటా పేలిన చప్పుడు విని పరుగెత్తిపోయి, ఒడ్డున చేపలేరుకుంటున్నవాణ్ణి పట్టుకొని, గంపెడు చచ్చిన చేపలతో సహా కోర్టులో నిలబెట్టాడు. అవతలి ప్లీడరు లేచి, "ఇతని చేతిలో తూటా చూశావా?" అని అడిగాడు.

"లేదు సార్. చేపలుండె."

"చేపలు చస్తే ఇతనేం చేస్తాడయ్యా? గుండెనొప్పొచ్చి చచ్చినాయేమో."

కోర్టంతా నవ్వింది. కేసు కొట్టేశారు. ప్రొద్దుటూరు అంగడి వీధిలో నడుస్తుంటే చేపలమ్మే ఆడవాళ్లు కూడా, "యోబన్నా, ఈ జెల్లకు గుండెనొప్పేమో చూసిపో" అన్నారు. సాక్షాత్తు పెన్నమ్మను గెలిచినవాడు ఆ మాటకు తలెత్తలేకపోయాడు.

ఆ సాయంత్రం సత్యలింగం పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన మాటలో కోపం లేదు. "పైవాళ్లు వాచర్ల పోస్టులు తగ్గిస్తామంటున్నారు యోబూ. వేసంకాలం లోపల నీ కేసొకటి నిలబడాలి. తూటా చేతిలో ఉండగా, వత్తి అంటించి ఉండగా పట్టుకో. అప్పుడు ఏ ప్లీడరూ నవ్వడు. నిన్ను పర్మినెంటు చేయించే పూచీ నాది. లేకపోతే బిళ్ళ వెనక్కి ఇచ్చెయ్యాల్సి వస్తుంది."

యోబు ఆ బిళ్ళను చింతపండుతో తోమేవాడు. భార్య రత్నమణి చూసి, "అది తోమినంత శ్రద్ధగా ఏనాడన్నా నా తట్టు చూసినావా?" అనేది. ఇప్పుడు ఆమె కూడా ఏమీ అనడం మానేసింది. బిళ్ళ పోతే మనిషి ఏమైపోతాడో ఆమెకు తెలుసు.

అదే కాలంలో ముగ్గురాయి గని మూతపడింది. నబీ రసూల్ ఇంటికి వచ్చేశాడు. ఇంట్లో అతని భార్య హజరాబీ, ముగ్గురు ఆడపిల్లలు. చేనిపని అతనికి రాదు. బండ పగలగొట్టడం తప్ప వచ్చిన విద్య లేదు. గని నుంచి వస్తూ సంచిలో ఏం తెచ్చుకున్నాడో ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నుంచి గండిలో ఆదివారం పొద్దున తూటా పేలసాగింది. వారమంతా నిశ్శబ్దం. ఆదివారం ప్రార్థన మొదలయ్యాక, యోబు వాక్యం చదవడానికి లేచాక, కొండల్లో నుంచి ఉరిమినట్టు శబ్దం వచ్చేది. గుడి పెంకులు చిన్నగా కదిలేవి. పాస్టరుగారు ప్రసంగం ఆపి యోబు వైపు చూసేవాడు. సంఘమంతా చూసేది. యోబు ఆదివారం గుడి మానడని తాలూకా అంతటికీ తెలుసు. ఎవడో ఆ భక్తినే అడ్డం పెట్టుకొని తన కొలువుకు గొయ్యి తవ్వుతున్నాడని యోబుకు కడుపు మండేది.

ఒక శనివారం జమ్మలమడుగు సంతలో నబీ రసూల్ ఎదురుపడ్డాడు. అతని కూతురి చేతిలో కొత్త గాజులున్నాయి. ఇద్దరూ చెట్టు కింద బీడీలు ముట్టించారు.

"రేపు గుడికి పోతాండావు కదా మామా?" అన్నాడు నబీ రసూల్.

"ఏంది, కొత్తగా అడగతాండావే."

"ఊరికే. నువ్వు గుడిలో ఉండావంటే నాకు గుండెల మింద బరువుండదు."

యోబు అతని ముఖం చూశాడు. పైపెదవి మీద మచ్చ చూశాడు. ఆ మాటలో ఉన్న అర్థం తెలియనంత అమాయకుడు కాడు యోబు. తెలుసుకోవడం ఇష్టం లేక పొగ వదిలాడు.

"నేను గుడికి పోని ఆదివారం యాడన్నా ఉండాదా?" అన్నాడు.

నబీ రసూల్ తల ఊపి లేచాడు. "అంతే మామా. నీ కండ్ల ముందర ఏ పనీ చెయ్యకూడదు. నీకు కష్టం, నాకు సిగ్గు" అని పిల్ల చెయ్యి పట్టుకొని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున రత్నమణి తలస్నానం చేసి, బైబిలు గుడ్డలో చుట్టుకొని బయలుదేరింది. యోబు ఖాకీ చొక్కా తొడుక్కుంటున్నాడు.

"గుడికి ఆ చొక్కా ఏంది?"

"నేను రాను ఈ పొద్దు."

"తూటా ఏసేది ఎవురో తెల్సా నీకు?" అని అడిగింది ఆమె.

యోబు బిళ్ళ తగిలించుకున్నాడు. పుట్టిని నెత్తిన బోర్లించుకొని గండి దారి పట్టాడు.

మడుగు పక్కన పెద్ద బండ చాటున పుట్టి దించి కూర్చున్నాడు. వానలు వెలిసిన కొత్త. ఏరు నిండుగా, ఎర్రగా పోతోంది. మడుగు దగ్గర మాత్రం నీళ్లు సుడి తిరిగి నిలిచినట్టుంటాయి. పొద్దెక్కాక ఎగువ నుంచి ఒక పుట్టి వచ్చింది. ఎవరిదో అరువు పుట్టి, తిప్పడం రానివాడి చేతిలో గిరగిర తిరుగుతూ వచ్చింది. ఆ తెడ్డు వేసే తీరు చూసి యోబుకు ముందు చీదర కలిగింది. ఆ తర్వాతనే మనిషి ముఖం ఇటు తిరిగింది. నబీ రసూల్.

నబీ రసూల్ మడుగు నడుమ పుట్టి నిలబెట్టి, తవుడు ముద్దలు చల్లాడు. కాసేపటికి నీటి మీద బొచ్చెచేపల మూతులు లేచాయి. అతను సంచిలో నుంచి తూటా తీశాడు. నీళ్లలో పడీ పడగానే పేలాలని వత్తి వేలెడంత కూడా లేకుండా కోసి ఉంచాడు. వెంటనే విసిరితే చేప బెదిరి కిందికి పోతుంది. అందుకని చేతిలోనే పట్టుకొని కాలనిచ్చి విసరాలి. నోట్లోని బీడీ తీసి వత్తికి అంటించాడు.

చేతిలో తూటా ఉంది. వత్తి అంటుకుని ఉంది. సత్యలింగం చెప్పినది చెప్పినట్టు కళ్ల ముందు ఉంది.

యోబు ఆ క్షణంలో ఏమనుకున్నాడో తర్వాత ఎన్నోసార్లు తనలో తాను తిరగేసుకున్నాడు. మామ ఆగుతాడు, వత్తి ఇంకా పొడుగుంటుంది, పుట్టిలో పోయి ఆర్పుతాను, కేసు పెట్టాలో వద్దో ఆ తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాడు. అది నిజమే. ప్రొద్దుటూరు అంగడి వీధి గుర్తుకొచ్చింది. అదీ నిజమే. ఈల నోట పెట్టుకొని ఊపిరంతా కూడదీసి ఊదాడు.

గండిలో ఈల ఒక్కచోట మోగదు. ఈ కొండ నుంచి ఆ కొండకు కొట్టుకొని నాలుగు దిక్కుల నుంచీ వస్తుంది. నబీ రసూల్ కొయ్యబారిపోయాడు. చేతిలో ఉన్నది చేతిలోనే ఉండిపోయింది. రెండో చెయ్యి దానంతటదే లేచి వత్తి మీదికి పోయింది. గనిలో అయితే ఆ వత్తి బారెడు పొడుగుంటుంది. ఇక్కడ తుంచడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు గుర్తుకొచ్చింది యోబుకు, నా చెయ్యి నా మాట ఇనదు అన్న మాట. ఈల వదిలి "ఇసురు" అని అరిచాడు. ఆ అరుపు తూటా శబ్దంలో కలిసిపోయింది.

కొండగోడల్లోని పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. అరువు పుట్టి ఒకపక్క చీలిపోయి మునుగుతోంది. యోబు తన పుట్టి ఎలా నీళ్లలోకి తోశాడో, నబీ రసూల్‌ను అందులోకి ఎలా లాక్కున్నాడో ఆయనకే తెలియదు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర నుంచి లేదు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. ఒక కన్ను మూసుకుపోయింది. ఈలకున్న తాడు తీసి, మోచేతి పైన బిగించి, ఈలనే కర్రలా మెలితిప్పి కట్టు వేశాడు. రక్తం సన్నబడింది.

గండి ఎక్కి కోట మీదుగా పోతే మనిషి దక్కడు. ఏటి వెంబడి దిగువకు పోవాలి. గండి మూతి దాకా ఆ నిండు ప్రవాహంలో, ఆ బండల నడుమ పుట్టి మీద పోయినవాడు అంతకుముందు లేడు, ఆ తర్వాతా లేడు. యోబు పోయాడు. తెడ్డు ఒకసారి బండకు తగిలి విరిగితే ఆ మొండితోనే తిప్పాడు. పుట్టి ఒక్కసారి కూడా బొంగరం కాలేదు. ఈ తాలూకాలో పుట్టి తిప్పిన పనుల్లో దాన్ని మించినది లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. యోబు మాత్రం తన ఘనకార్యాలు చెప్పేటప్పుడు దాన్ని చెప్పేవాడు కాదు.

నడిదారిలో నబీ రసూల్ తెలివిలోకి వచ్చాడు.

"గుడికి పోలేదా మామా?" అన్నాడు.

యోబు తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

"నువ్వు ఊదితివి. నేను ఆగితి" అన్నాడు మళ్లీ. అందులో నిష్ఠూరం లేదు. జరిగినది అప్పచెప్పినట్టు అన్నాడు. "పిల్లోళ్లకు ఏం చెప్తావో చెప్పు."

గండి మూతి దగ్గర ఎవరిదో ఎద్దుల బండి దొరికింది. జమ్మలమడుగు మిషను ఆసుపత్రి వాళ్లు మొండిచెయ్యి కుట్టి ప్రాణం నిలబెట్టారు. కన్ను మాత్రం దక్కలేదు.

సత్యలింగం ఆసుపత్రికి వచ్చాడు. మంచం దగ్గర నిలబడి, ఆ కట్టును చూశాడు. వరండాలోకి వచ్చాక, "కేసు రాయక తప్పదు యోబూ. తూటా పేలి మనిషి చెయ్యి పోయింది, పోలీసులు ఎలాగూ వస్తారు. మనం ముందు రాస్తే నీ పేరు ఉంటుంది" అన్నాడు. యోబు గోడకు ఆనుకొని నిలబడి రాయమన్నాడు.

కోర్టు రోజు అదే ప్లీడరు ఇంకెవరి కేసుకో వచ్చి ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. నబీ రసూల్‌కు ప్లీడరు లేడు. దుప్పటి కప్పుకొని బోనులోకి ఎక్కాడు. మేజిస్ట్రేటు అడిగాడు. "తూటా నీ చేతిలో ఉండగా వాచరు ఈల ఊదాడా?"

"ఊదినాడు సామీ."

"నిజంగా నీ చేతిలోనే ఉండిందా?"

"చెయ్యి ఉన్నంతసేపు ఉండె సామీ" అని నబీ రసూల్ దుప్పటి తొలగించి చూపించాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్లీడరు తల దించుకొని కాగితాలు సర్దుకున్నాడు. నెల రోజుల శిక్ష పడింది. బయటికి తీసుకుపోతుంటే నబీ రసూల్ ఒంటి కన్ను తిప్పి గుంపులో యోబు కోసం చూశాడు. యోబు స్తంభం వెనక ఉన్నాడు.

యోబుకు పర్మినెంటు అయింది. తూటా చేతిలో ఉండగా పట్టిన వాచరు జిల్లాలో ఈయనేనని ప్రొద్దుటూరు ఆఫీసులో అందరి ముందూ మెచ్చుకొని, కొత్త బిళ్ళ ఇచ్చారు. అంగడి వీధిలో ఆడవాళ్లు గుండెనొప్పి మాట ఎత్తలేదు. అసలు ఏ మాటా అనలేదు. ఆయన వస్తుంటే దారి వదిలేవాళ్లు.

హజరాబీ బండల గనిలో రాళ్లు మోసే పనికి పోయింది. ఒకనాడు యోబు ఒక మూట కొర్రలు నెత్తిన పెట్టుకొని వాళ్లింటికి పోయాడు. ఆమె గడపలోనే నిలబడింది.

"దించొద్దన్నా. నెత్తినే ఉండనీ" అంది. లోపలికి పోయి ఒక గుడ్డ తెచ్చింది. ఆసుపత్రిలో విప్పి ఇచ్చిన బట్టలతోపాటు వచ్చిన ఈల, తాడు అందులో ఉన్నాయి. తాడు నల్లగా గట్టిపడి ఉంది. "ఇది నీదే కదన్నా. సర్కారు సొమ్ము మా ఇంట్లో ఎందుకు? మళ్లీ పనికొస్తాది నీకు."

యోబు ఒక చేత్తో మూట పట్టుకొని, ఒక చేత్తో ఈల తీసుకున్నాడు.

జైలు నుంచి వచ్చిన నబీ రసూల్ మొండిచేతికి మళ్లీ చీము పట్టింది. ఆసుపత్రికి పోదామని ఎవరు చెప్పినా వినలేదు. వేసవి దాటలేదు అతను. ఆ ఏడు తొలకరి ముందే దిగింది. గోరీల దిబ్బ ఏటికి అవతల ఉండటంతో శవాన్ని అద్దరికి దాటించాల్సి వచ్చింది. అందుకు పుట్టి కావాలి. తాలూకాలో వరద మీద పుట్టి తిప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన్ను పిలవలేదు. ఎవరో చేతకానివాళ్లు ఇద్దరు కలిసి ఆ పుట్టిని తిప్పుతూ, తిరుగుతూ, ఎట్లాగో చేర్చారు. యోబు గట్టు మీద నిలబడి, మామ ఆఖరి ప్రయాణం బొంగరంలా సాగడం చూశాడు.

మరుసటి ఏడు సత్యలింగం స్వయంగా గండి చూడవచ్చాడు. ఇద్దరూ బండ చాటున ఉండగా మడుగులోకి ఒక కొత్త మనిషి పుట్టి తోలుకొని వచ్చాడు. ఎగువ ఊరివాడు, ఇంకా మీసం ముదరలేదు. తవుడు చల్లాడు. తూటా తీశాడు. వత్తి అంటించాడు.

"ఊదు" అన్నాడు సత్యలింగం మెల్లగా.

ఈల యోబు మెడలోనే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. బండ మీదికి ఎక్కి, కొండలు మారుమోగేటట్టు అరిచాడు. "ఇసురు రా. ఆ తట్టు ఇసురు. ముందు చేతులో నుంచి ఇసురు."

ఆ మనిషి అదిరిపడి తూటా దూరంగా విసిరేశాడు. మడుగు పైకి లేచి పడింది. తెల్లటి పొట్టలు తిప్పుకొని చేపలు తేలాయి, పిల్లా తల్లీ అన్నీ. వాడు తెడ్డు వదిలేసి నీళ్లలోకి దూకి, ఈదుకొని అవతలి గట్టెక్కి, బండలు పట్టుకొని పైకి పాకి మాయమయ్యాడు. యోబు వాడి ముఖం చూడలేదు. బండను పట్టుకుంటున్న చేతులనే చూశాడు.

"ఏవిటయ్యా నువ్వు చేసింది?" అన్నాడు సత్యలింగం. "సాక్ష్యం నువ్వే నీళ్లలో వేయించావు."

"రెండు చేతులూ ఉండాయి సార్" అన్నాడు యోబు.

సత్యలింగం చూసినది చూసినట్టు పైకి రాశాడు, రాయక ఆయనకూ తప్పలేదు. కొలువు తీసేస్తూ ఉత్తరువు వచ్చింది. యోబు బిళ్ళ, ఈల, ఖాకీ చొక్కా ప్రొద్దుటూరు ఆఫీసులో బల్ల మీద పెట్టి వచ్చాడు. చొక్కా మడత పెట్టి ఇచ్చింది రత్నమణే. 

ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పెన్న మీద పుట్టి తిప్పాడు. అందులో ఎక్కినవాళ్లకు గొర్రెల కాపరి కథ, ఓట్ల పెట్టెల కథ, కాకినాడ ఇన్‌స్పెక్టరు అంచులు పట్టుకున్న కథ చెప్పేవాడు. అన్నీ అయ్యాక ఆఖరున, సర్కారు తన బిళ్ళ ఎందుకు తీసుకుందో కూడా వాటి వరసలోనే చెప్పేవాడు. హజరాబీ మాత్రం ఆ కథలు వినలేదు. ఆమె పిల్లల్ని వెంటబెట్టుకొని, ఎండయినా వానయినా, యోబు పుట్టి ఎక్కకుండా, నీళ్లు తక్కువుండే దిగువ రేవు దాకా చుట్టు తిరిగి నడిచే పోయేది.